నల్లకోట తలుపు ముందు సోమన్న

నేను ఒక పిరికి బొమ్మను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. చూడటానికి మాత్రం చేతిలో దూసిన కత్తి ఉంది, తలకు ఎర్ర పాగా ఉంది, మీసం చెవుల దాకా పాకింది, పేరేమో గండరగండ సోమన్న. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, అది నన్ను చూసే పుట్టిందనుకుంటాను. మీ బొటనవేలికన్నా కాస్త పొడుగుంటాను. ఫ్యాను జోరుగా తిరిగితే పడిపోతాను. పడితే కత్తి విరుగుతుందేమోనని భయం. విరిగితే అతికించడానికి ఎవరి జేబులో వేసుకెళ్తారోనని భయం. ఆ జేబుకి చిల్లుంటే నా గతేమిటని ఇంకో భయం. నా బతుకంతా ఇదే వరస. వినే ఓపిక ఉంటే కూర్చోండి.

పుట్టింది కొండపల్లిలో. పొణికి కర్ర అని ఒకటుంటుంది, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. ఆ కర్రలో తడి పోవాలని సెగ మీద ఆరబెడతారు. నిప్పంటే నాకు గిట్టకపోవడం ఆ రోజు నుంచే మొదలైంది. తరవాత ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా, కత్తి వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అన్నీ అతికించారు. సుద్ద పూశారు. రంగులేశారు. అందరికన్నా చివర కళ్ళు దిద్దాలి. దిద్దేది పద్మావతమ్మ అనే పెద్దావిడ. మునివేళ్ళతో కుంచె పట్టుకుని నా కనుబొమల మీద ఆనించిందో లేదో, వీధిలో లారీవాడెవడో హారన్ కొట్టాడు. ఆవిడ చెయ్యి అదిరింది. నా కనుబొమలు రెండూ పైకెగిరి అక్కడే ఉండిపోయాయి.

"అమ్మనీ, వీరుడు జడుసుకున్నాడే!" అని ఆవిడ నవ్వేసింది. "ఉండండి బాబూ, గీకేసి మళ్ళీ వేస్తా."

నన్ను చేయించుకున్న మనిషి అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. పూర్ణచంద్రరావు ఆయన పేరు. బెజవాడలో జిరాక్సు షాపు. యాభై దాటినవాడు, చలవ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఏ చదరంగం కోసమో ఇంత బుడ్డి బొమ్మ చేయించుకుంటున్నాడని ఆ వీధిలో వాళ్ళంతా ఆయన్ని వింతగా చూస్తున్నారు. ఆయన నన్ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "వద్దులేమ్మా, ఇట్టాగే ఇవ్వండి" అన్నాడు. ఎందుకన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. గీకుడు తప్పిందని బతికిపోయాననుకున్నాను.

ఆ పెద్దమనిషికి బొమ్మతో ఏం పనో చెప్పాలి కదా. నస్రీన్ అనే అమ్మాయి, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తుంది, ఒకసారి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు తీయించుకోవడానికి ఆయన షాపుకి వచ్చింది. ఒక్కో కాగితం మిషన్లోంచి వస్తుంటే ఈయన బొమ్మలు చూస్తున్నాడు. కోటలు, రాక్షసులు, పటాలు. "ఏంటమ్మా ఇది, సినిమా తీస్తన్నారా?" అని అడిగాడు. "ఆట బాబాయ్. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చుని ఆడతాం" అంది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. ఎదురుగా నది ఉందంటే ఈదుతావా, పడవ వెతుకుతావా నువ్వే చెప్పాలి. చెప్పింది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై పడితే అదృష్టం, ఒకటి పడితే కొంప మునిగినట్టే. ఈయన అంతా విని, "మరి నాలాంటివాణ్ణి రానిస్తారా?" అని అడిగాడట. షాపు మీద ఖాళీ గది ఉందనీ, పటాలు లామినేషన్ చేసిపెడతాననీ చెప్పాడట. అలా మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీద ఆట.

నస్రీన్ కథ నడిపేది కాబట్టి ఆమెను సూత్రధారి అనేవాళ్ళు. ఆడేవాళ్ళు ముగ్గురు. మా పూర్ణచంద్రరావు ఒకడు. రెండోవాడు ప్రభుదాసు, పెళ్ళిళ్ళకి మైకులూ లైట్లూ కట్టే మనిషి, తలుపులో పట్టడు. వాడి బొమ్మేమో ఎలకరాజు అనే చిటికెనవేలంత దొంగ. మూడోది రవళి, బ్యాంకులో పనిచేస్తుంది, కౌంటరు వెనక కూర్చుంటే జనానికి కనపడదు. ఆ పిల్ల బొమ్మ కొండమ్మ అనే రాక్షసి, గదతో గోడలు కూల్చేది. మనుషులు ఇంతే. దేవుడిచ్చింది నచ్చదు, ఆదివారం ఆదివారం మార్చుకుంటారు. మా ఆయన ఏలూరు రోడ్డు దాటాలంటే ఎవరైనా ముసలమ్మ వచ్చేదాకా ఆగి ఆమె వెనకాలే దాటేవాడు. ఆయన పాత్రేమో నేను, గండరగండణ్ణి.

ఆ బల్ల దగ్గర రెండు రూల్స్ ఉండేవి. రెండూ నస్రీన్ పెట్టినవే, రెండూ నా ప్రాణం తీసినవే.

మొదటిది ఇది. ప్రభుదాసుకి నోటి దూల ఎక్కువ. ఓసారి ఆటలో రాజుగారి ఎదుట నిలబడి, "ఈ ముసలి నక్కకి దణ్ణం ఏంటి" అనేశాడు. రాజు ఉరి వెయ్యమన్నాడు. "నేనన్నాను గానీ ఎలకరాజు అనలేదు" అని వీడు లబోదిబోమన్నాడు. ఆ తగువు రెండు వారాలు నడిచింది. అప్పుడు నస్రీన్ తేల్చింది: బొమ్మ మీద చెయ్యి ఉన్నంతసేపు మాట బొమ్మది, చెయ్యి తీస్తే మాట మనిషిది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడానికి లేదు.

రెండోది తలుచుకుంటే ఇప్పటికీ పై ప్రాణాలు పైనే పోతాయి. ఆటలో పాత్ర చచ్చిపోతే ఆ బొమ్మను కాల్చెయ్యాలి. లేకపోతే చావంటే ఎవరికీ లెక్కుండదని ఆ పిల్ల వాదన. మెట్ల కింద సాంబయ్య ఇస్త్రీ బండి ఉండేది. రవళి మొదటి బొమ్మ, ఒక మంత్రగత్తె, పాపం ఊబిలో దిగిపోయింది. అందరూ వరసగా మెట్లు దిగి ఆ బొమ్మను సాంబయ్య ఇస్త్రీ పెట్టెలో ఎర్రగా ఉన్న బొగ్గుల మీద పెట్టారు. నన్ను కూడా చేతిలో పట్టుకెళ్ళారు, చూడమని కాబోలు. చిటపటమంది. అంతే. సాంబయ్య మూతేసి చొక్కా రుద్దుకుంటూ, "మీ మంత్రగత్తె వేడి బాగానే ఉందమ్మా" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి పాచిక దొర్లిన ప్రతిసారీ నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఎప్పుడూ ఆడవనుకోండి, అయినా.

ఆట అయ్యాక ఎవరి బొమ్మను వాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు. మా ఆయన నన్ను చొక్కా జేబులో వేసుకునేవాడు, ఎడమవైపు. ఇంటికెళ్ళాక ఆయన భార్య ఝాన్సీ, "యాభై దాటాక బొమ్మలాటేంటండీ, నలుగురూ నవ్విపోతారు" అని రోజూ దెప్పేది. ఆవిడ దెప్పుడు నాకు హాయిగానే ఉండేది. నన్ను భయపెట్టింది జేబు వెనక చప్పుడు. నేను ఆనుకుని పడుకునేది ఆయన గుండెకే కదా. మొదట్లో గోడగడియారంలా కొట్టుకునేది. తరవాత్తరవాత మెట్లెక్కితే ఆగి, ఒక దెబ్బ తప్పి, మళ్ళీ గబగబా పరుగెత్తేది. ఆయన గోడ పట్టుకుని నిలబడేవాడు. ఎవరైనా చూస్తే జేబులో పెన్ను వెతుక్కుంటున్నట్టు నటించేవాడు. ఆ వేళ్ళు పెన్ను దాకా పోయేవి కావు. నన్ను పట్టుకునేవి, చల్లగా, చెమటతో.

డాక్టరు దగ్గర కూడా నేనున్నాను. గుండె రక్తనాళాల్లో అడ్డాలున్నాయి, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే మాత్రం మంచిది కాదన్నాడు. ఆయన భేషుగ్గా తలూపాడు. బయటికొచ్చి ఝాన్సీతో, "ఏం లేదు, చిన్న రిపేరు. అడ్మిషన్ల సీజను అయిపోనీ, చేయించుకుందాం" అన్నాడు. పిల్లలకి సర్టిఫికెట్ల జిరాక్సులు తీసే సీజను. అది అయిపోయింది. తరవాత ఓటరు కార్డుల సీజనన్నాడు. తరవాత ఆషాఢమన్నాడు. ఆవిడ విసిగిపోయి ఆస్పత్రిలో తనే రోజు ఖాయం చేసుకొచ్చింది. ఆ రోజు దగ్గర పడేకొద్దీ జేబు వెనక చప్పుడు నాకు వినబుద్ధి కాలేదు. ఆయన ఇంట్లో పులి. పాము దూరినా, దొంగ అలికిడైనా కర్ర పట్టుకుని ముందు నడిచేది ఆయనే. ఆ పులి బాత్‌రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. జేబులో ఉన్నవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు అర్థమైంది కొండపల్లిలో నన్ను గీకనివ్వకుండా ఎందుకు తెచ్చుకున్నాడో. నాకంటే పిరికివాడొకడు నన్ను మోస్తున్నాడని తెలిశాక నా భయం రెట్టింపైంది. ఇద్దరిలో ఒకరైనా ధైర్యంగా ఉండాలి కదండీ.

ఎల్లుండి ఆపరేషన్ అనగా ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. ఆటలో మా ముగ్గురం నల్లకోట అనే చోటికి చేరాం. అదొక పాడు కోట. లోపలికి వెళ్ళినవాడు బయటికి రాలేదని దారిపొడుగునా ప్రతి ఊళ్ళోనూ చెప్పారు. ఎదురుగా ఇనప తలుపు. ముందు నడవాల్సింది వీరుడు కాబట్టి అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన నన్ను తలుపు ముందుకి జరిపి, చెయ్యి నా మీదే ఉంచాడు. అప్పుడే ఫోను మోగింది. ఎడమ చేత్తో తీశాడు. కుడిచెయ్యి తియ్యలేదు.

"ఆఁ, చెప్పు ఝాన్సీ... రేపు చేరాలని నాకు తెలీదా?... రానని చెప్తన్నాగా!... సీజనూ లేదు గీజనూ లేదు. భయమేస్తోంది నాకు. లోపలికి తీసుకెళ్ళినవాణ్ణి మళ్ళీ బయటికి తెస్తారని ఏంటి నమ్మకం? నన్నిట్టా వదిలెయ్యండి." ఫోను కట్టేశాడు.

వీళ్ళెవరికీ ఆయన జబ్బు సంగతే తెలియదు.

"బాబాయ్, ఆస్పత్రా? ఏమైంది?" అన్నాడు ప్రభుదాసు.

"ఏం లేదురా. మీ పిన్ని సంగతి తెలుసుగా, ఊరికే కంగారు" అన్నాడాయన. ఆ నవ్వు ఎంత వెలితిగా ఉందంటే చూడలేక రవళి తల దించేసుకుంది.

నస్రీన్ మాత్రం ఆయన మొహం చూడటం లేదు. నా తల మీద ఉన్న ఆయన వేళ్ళ వైపు చూస్తోంది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి, కింద నేనూ వణుకుతున్నాను. ఆయన కూడా తన చేతిని అప్పుడే చూసుకున్నాడు. లాగేసుకోవచ్చు, నవ్వెయ్యొచ్చు, టీ తాగుదాం పదండి అనొచ్చు. పెద్దవాణ్ణి పట్టుకుని భయపడుతున్నారా అని నస్రీన్ అడగలేదు. ఓదార్చడం అసలే చాతకాదు. ఆమెకి తెలిసిందల్లా ఆట నడపడం.

"నల్లకోట తలుపు ముందు సోమన్న ఆగిపోయాడు" అంది నెమ్మదిగా, కథ చెప్పే గొంతుతో. "భయమేస్తోందన్నాడు. లోపలికి రానన్నాడు."

నా గురించి ఒక మనిషి నవ్వకుండా నిజం చెప్పడం అదే మొదలు.

రవళి తన వేలు కొండమ్మ మీద పెట్టింది. "ఎప్పట్నించి సోమన్నా ఈ భయం?"

ఆయన ఇనప తలుపు వైపు చూశాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. "చాన్నాళ్ళయింది" అన్నాడు చివరికి. "మెట్లెక్కితే గుండె పట్టేస్తోంది. వైద్యుడు కొయ్యాలంటున్నాడు. మత్తిచ్చి పడుకోబెడతారంట. పడుకున్నవాణ్ణి లేవకపోతే?"

"ఇంట్లో చెప్పావా?"

"వైద్యుడు చెప్పింది చెప్పా. భయం సంగతి చెప్పలా."

"ఎందుకని?"

"వీరుణ్ణి కదా కొండమ్మా. ఎట్టా చెప్పను?"

ప్రభుదాసు అంత లావు వేలూ ఎలకరాజు నెత్తిన పెట్టాడు. "నాకు ప్రతి తాళం ముందూ చేతులు వణుకుతాయి సోమన్నా. జోకులేస్తానే, అందుకే వేస్తా. మా నాన్న కూడా ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చి భయమేసి ఇంటికొచ్చేశాడు. ఎవరం ఏమీ అనలా. ఇప్పుడు లేడు." వేలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఝాన్సీ స్కూటీ మీద పరుగెత్తుకొచ్చేసింది. కొంగు జారిపోతోంది, ఊపిరి అందడం లేదు. "ఏమండీ! మాట్లాడుతుంటే ఫోను కట్ చేస్తారా? గుండె పట్టుకుని పడిపోయారేమోనని నేను దారంతా చచ్చి బతికా!" అని అరిచింది. అరుస్తూనే బల్ల మీద చూసింది. నలుగురు పెద్దమనుషులు, మూడు బొమ్మలు, బొమ్మల మీద వేళ్ళు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "మనిషి చావుబతుకుల్లో ఉంటే ఇక్కడ బొమ్మలాటా?"

"పిన్నీ" అంది నస్రీన్ లేచి నిలబడి. "సోమన్న లోపలికి వెళ్ళడానికి భయపడుతున్నాడు పిన్నీ. చెయ్యి ఉన్నంతసేపు మాట సోమన్నది."

ఇదేం పిచ్చి మాట అని ఆవిడ తిట్టబోయింది. నోరు తెరిచింది కూడా. అప్పుడు భర్త చేతిని చూసింది. పాముని కొట్టిన చెయ్యి, ఆకులా వణుకుతోంది.

"ఎవరు భయపడేది?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"సోమన్న" అన్నాడాయన తలెత్తకుండా.

"ఎంత భయం?"

"చాలా."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. రెండు చేతుల బరువూ నా మీద పడింది, పాగా చొట్టపోతుందేమోననిపించింది, అయినా కిక్కురుమనలేదు.

"నాకూ భయమేరా సోమన్నా" అంది. పెళ్ళయిన నాటి నుంచి మొగుణ్ణి ఏమండీ తప్ప ఇంకోలా పిలవని మనిషి. "నువ్వు ధైర్యంగా ఉన్నావనుకుని నేను ఏడవలేదు. ఇద్దరం వేషాలేశాం. ఇప్పుడు చెప్తన్నా విను. గుమ్మం దాకా నీ పక్కనే వస్తా. లోపలికి నన్ను రానివ్వరు. బయట బెంచీ మీద కూర్చుంటా. భయమేస్తే భయమేస్తోందని చెప్పు. ఏడుపొస్తే ఏడువు. కానీ వెనక్కి మాత్రం పోకు."

ఆయన ఏడ్చాడు. కుళాయి తిప్పకుండా, నలుగురి ఎదుటా, చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. తరవాత, "వెళ్తా" అన్నాడు.

"మాట చెల్లింది, ఇక వెనక్కి లేదు" అంది నస్రీన్. ఆ రోజు పాచిక ఎవరూ ముట్టుకోలేదు. తలుపు తెరవకుండానే ఆట ఆపేశారు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన ఒంటి మీద ఉంగరం, వాచీ, మొలతాడు అన్నీ తీయించారు. నన్ను మాత్రం పచ్చగౌను కింద పిడికిట్లో దాచుకున్నాడు. నర్సు పట్టేసింది. "ఇదేంటండీ, బొమ్మా?" అంది. "నా బొమ్మేనమ్మా" అని ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడి, నన్ను ఝాన్సీకి ఇచ్చాడు. "భయమేస్తోంది" అన్నాడు. "నాకూను" అంది ఆవిడ. ఆ మాటలు అంత తేలిగ్గా అనుకున్నారు, ఉప్పు అందుకో అన్నంత తేలిగ్గా. తలుపు మూసుకుంది.

ఆ బెంచీ మీద ఆవిడ పిడికిట్లో నేనున్న సేపు ఎంతో నాకు తెలియదు. ఆస్పత్రి తలుపులకి చప్పుడెక్కువ. ఒక్కో తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆవిడ పిడికిలి బిగుసుకునేది, నా కత్తి అరచేతిలో గుచ్చుకునేది, ఆవిడ వదిలేది కాదు. విరుగుతానేమోనన్న భయం ఆ రోజు నాకు లేదు. ఆ భయం పట్టేంత చోటు నాలో మిగల్లేదు. నస్రీన్ వాళ్ళు ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డారు. డాక్టరు వచ్చి అంతా బాగా జరిగిందన్నాడు. ప్రభుదాసు అక్కడే కింద కూలబడి దణ్ణం పెట్టుకున్నాడు.

మెలకువ వచ్చాక ఆవిణ్ణి లోపలికి పంపారు. నన్ను చీర చెంగులో ముడేసుకుని వెళ్ళింది. గొట్టాల మధ్య ఆయన గొంతు పీలగా వినిపించింది. "తలుపు దగ్గర ఆపేశాం. లోపలేముందో ఆ పిల్లనడుగు" అన్నాడు. "మీరే అడుగుదురుగాని, ఆదివారం" అంది ఆవిడ. ఆయన నవ్వినట్టున్నాడు. చెంగులోంచి నాకు కనిపించలేదు.

ఆదివారం రాలేదు. ఊపిరితిత్తుల్లో ఏదో చేరిందన్నారు, మందులు మార్చారు, యంత్రం పెట్టారు. శుక్రవారం పొద్దున ఆయన పోయాడు.

ఇక్కడ ఆగితే బాగుండును, కానీ నా గొప్ప భయం ఇంకా చెప్పలేదు. ఇంటి ముందు పాడె కడుతున్నారు. ప్రభుదాసు ఝాన్సీ దగ్గరికొచ్చి కింద కూర్చున్నాడు. "పిన్నీ, బాబాయ్ బొమ్మ మీ దగ్గరే ఉందా? మాలో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళ బొమ్మని నిప్పుల్లో పెట్టాలి. ఆయనతో పాటు పంపుదామా?" వాడు మంచికే అన్నాడు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. ఆవిడ చెంగు ముడి విప్పి నన్ను అరచేతిలో పెట్టుకుంది. నా కర్రలో మిగిలిన తడి అంతా ఆ నిమిషంలో ఇంకిపోయింది. ఆయన లేకుండా నేనుండి ఏం చెయ్యాలి అని ఒకవైపు, నన్ను కాల్చొద్దు తల్లీ అని ఇంకోవైపు. ఇంత నీచమైన ప్రాణమా నాది అని సిగ్గేసింది. సిగ్గేసినా భయం తగ్గలేదు.

"పోయింది ఈయన" అంది ఆవిడ, పక్కన పడుకోబెట్టిన ఆయన్ని చూస్తూ. "సోమన్న పోలేదుగా. ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. రూలు మీదే, మీరే మర్చిపోతే ఎట్టా నాయనా?"

ప్రభుదాసు బావురుమన్నాడు.

మేడ మీద గదికి తాళం పడింది. షాపు ఝాన్సీయే తెరిచింది. నన్ను జిరాక్సు మిషను పక్కన, స్టాప్లరు దగ్గర నిలబెట్టింది. పగలంతా మిషను వెలుతురు నా మొహాన పడి పోయేది. నస్రీన్ ఆ వీధిలోకి రావడం మానేసింది. ఒకటి రెండుసార్లు మలుపు దాకా వచ్చి షాపు చూసి వెనక్కి తిరిగిపోవడం నా కంటపడింది. ఝాన్సీ కంట కూడా పడింది. ఒక ఆదివారం భోజనమయ్యాక ఆవిడే ముగ్గురికీ ఫోన్లు చేసింది. ఏం తిడుతుందోనని వాళ్ళు బితుకుబితుకుమంటూ వచ్చారు. గది ఊడ్చి, బల్ల తుడిచి ఉంచింది.

"మేమే పంపించాం పిన్నీ" అంది నస్రీన్, కూర్చోకుండానే. "నేను ఊరుకుని ఉంటే బాబాయ్ వెళ్ళేవాడు కాదు. ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో."

"ఉండేవాడేమో. బాత్‌రూములో కుళాయి తిప్పుకుని ఉండేవాడు" అంది ఝాన్సీ. ఆ కుళాయి సంగతి ఆవిడకీ తెలుసని నాకు అప్పుడు తెలిసింది. "ముప్పై ఏళ్ళు కాపురం చేశానమ్మా. భయమేస్తోంది ఝాన్సీ అని ఆ మనిషి నాతో అన్నది ఆ రెండు రోజులే. ఆ రెండు రోజులే ఆయన నాకు పూర్తిగా దొరికింది. దానికి నిన్ను తిట్టనా, దణ్ణం పెట్టనా నాకు తెలీదు. కూర్చో ముందు."

కూర్చున్నారు. ఆవిడ ఆయన కుర్చీలో కూర్చుని నన్ను బల్ల మీద పెట్టింది. "తలుపు ఎక్కడుంది? ఇక్కడేనా?" అని అడిగి జరిపింది. "లోపల ఏముందో చెప్పు. ఆయన కనుక్కోమన్నాడు."

నస్రీన్ తల అడ్డంగా ఊపింది. "లోపల పెట్టాలనుకున్నదంతా ఆట ఆపిన రోజే తీసేశాను పిన్నీ. ఇప్పుడు లోపల ఏముందో నాకే తెలీదు. వెళ్తేనే తెలుస్తుంది."

"మరి ఏం చెయ్యాలి?"

"చెయ్యి పెట్టి, ఏం చేస్తున్నారో చెప్పాలి. అంతే."

ఆవిడ చెయ్యి నా మీదికి వచ్చింది. ఆయన చెయ్యి కాదు. చిన్నది, గరుకు, గోళ్ళ సందుల్లో జిరాక్సు నలుపు. రవళి వేలు కొండమ్మ మీద పెట్టింది. ప్రభుదాసు ఎలకరాజుని నా పక్కకి తెచ్చాడు. నల్లకోట లోపల చీకటిగా ఉంటుందేమో. నిప్పు ఉంటుందేమో. అసలేమీ ఉండదేమో, అది అన్నిటికన్నా భయం. వద్దమ్మా అని అరవాలనిపించింది. నాకు నోరు లేదు, ఆవిడ చెప్పిందే నా మాట.

"సోమన్నకి భయంగా ఉంది" అంది ఝాన్సీ. "తలుపు తోస్తున్నాడు."

తలుపు చాలా బరువుంది. ఇద్దరం తోశాం.